గ్రాము లెక్క కాఫీకేనా, బిల్లుకి వద్దా?

విజయవాడ, గుంటూరు నగరాల్లో కాఫీ గింజలు సొంతంగా వేయించి, అక్కడే కప్పుల్లో పోసి అమ్ముతున్న కఫేల యజమానులకు ఒక బహిరంగ లేఖ

ప్రతులు: ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల తూనికలు కొలతల శాఖ అధికారులకు, ఆహార భద్రత అధికారులకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. మీ కాఫీ బాగుంటుంది, ఆ మాట మొహమాటానికి అనడం లేదు. ధర ఎక్కువని గోల పెట్టడానికి కూడా ఈ లేఖ రాయడం లేదు. మా దగ్గర చెప్పకుండా తీసుకుంటున్న వాటి గురించి రాస్తున్నాను. రెండుసార్లు విడిగా రాసి చూశాను. పని కాలేదు. అందుకే నలుగురిలో పెడుతున్నాను.

జరిగింది ఇది. దసరా సెలవులకి బెంగళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి, ఆదివారం ఇంట్లో పొయ్యి వెలిగించొద్దని, అందరినీ బ్రంచ్‌కి తీసుకెళ్తానని పట్టుబట్టాడు. బ్రంచ్ అంటే ఏమిట్రా అని మా అత్తయ్య అడిగారు. "టిఫినూ భోజనమూ కలిపి ఒకేసారి నాన్నమ్మా" అన్నాడు. "అంటే పదకొండింటి దాకా కడుపు మాడ్చుకోవాలన్నమాట" అన్నారావిడ. ఆవిడకి 78 ఏళ్లు. తెల్లారి ఐదింటికి ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ దిగకపోతే ఆవిడకి తెల్లారినట్టే ఉండదు. అయినా మనవడి ముచ్చట కాదనలేక జరీ చీర కట్టుకుని మరీ బయల్దేరారు.

కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రాడు నన్ను చూడగానే "టీచర్, మీరా!" అన్నాడు. మా స్కూల్లో చదివిన పిల్లాడే. ఏ కఫే అన్నది నేను రాయకపోవడానికి అతను కూడా ఒక కారణం. పోర్-ఓవర్ అడిగితే దగ్గరుండి చూడమన్నాడు. తూకం మిషన్ మీద గాజు పాత్ర పెట్టి, పైన గరాటులో కాగితం వేసి, వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోశాడు. సరిగ్గా 18 గ్రాముల పొడి వేశాడు. కాసిని నీళ్లు పోసి ఆగాడు. పొడి పొంగి, నడుమ బుడగలు పగిలాయి. "గ్యాస్ పోతోంది టీచర్, అర నిమిషం ఆగాలి" అన్నాడు. తర్వాత సన్నటి ధారగా చుట్లు చుట్లుగా పోస్తూ, అంకె 288 దగ్గరికి రాగానే చెయ్యి ఎత్తేశాడు. "ఒకటికి పదహారు టీచర్, గ్రాము పొడికి పదహారు గ్రాముల నీళ్లు. ఓ పది గ్రాములు ఎక్కువైనా మా సార్ పారబోయమంటారు."

ఏడో తరగతిలో నేను నిష్పత్తులు చెబుతుంటే కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్న పిల్లాడు వీడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కాఫీ కూడా అలాగే ఉంది. పాలు లేవు, పంచదార లేదు, అయినా గొంతులో చేదు నిలవలేదు. నారింజ తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన లాంటిదేదో ముక్కుకి తగిలింది. (మా అత్తయ్య మాత్రం కాపుచినో కప్పులోకి ఒకసారి తొంగి చూసి, "నురగ బాగానే పోశాడు, దీని కింద కాఫీ ఉందా?" అన్నారు. అది మీకూ ఆవిడకీ మధ్య వ్యవహారం, నేను కలగజేసుకోను.)

తర్వాత బిల్లు వచ్చింది. పోర్-ఓవర్ 280, కాపుచినో 220, కోల్డ్ బ్రూ 260, అవకాడో టోస్ట్ 390, ఆమ్లెట్ 340, బనానా బ్రెడ్ 220, నీళ్ల సీసా 90. మొత్తం 1,800. దాని కింద సర్వీస్ ఛార్జీ 10 శాతం, 180. ఆ రెండూ కలిపిన 1,980 మీద సీజీఎస్టీ 49.50, ఎస్‌జీఎస్టీ 49.50. కట్టాల్సింది 2,079.

నా లెక్క ప్రకారం 1,800 మీద 5 శాతం జీఎస్టీ 90 వేసుకుంటే 1,890 కావాలి. తేడా 189 రూపాయలు. కాఫీలో పది గ్రాముల నీళ్లు ఎక్కువైతే పారబోసే చోట, బిల్లులో 189 రూపాయలు ఎక్కువైతే ఎవరికీ పట్టలేదు.

వారం తిరక్కుండా ఆ కఫేకి ఈమెయిల్ పంపాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒక వాక్యం, కింద పది శాతం తగ్గింపు కూపన్ వచ్చాయి. నా దగ్గర తీసుకున్న పది శాతమే నాకు కానుకగా ఇచ్చారన్నమాట, అదీ నెల రోజుల గడువుతో. తర్వాత స్పీడ్ పోస్టులో ఉత్తరం రాశాను. అందినట్టు ఫోన్లో చూపించింది. జవాబు రాలేదు. మా స్టాఫ్ రూములో ఈ సంగతి ఎత్తితే ముగ్గురు తమ బిల్లులు తీసి చూపించారు. మూడూ వేరే వేరే కఫేలవి, అందులో ఒకటి గుంటూరుది. మూడింటిలోనూ ఇదే పద్ధతి. ఒక్క కఫే పేరు పెట్టి రాస్తే మిగతావాళ్లు తమకి కాదనుకుంటారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

1. సర్వీస్ ఛార్జీ. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో తమంతట తాము సర్వీస్ ఛార్జీ వేయకూడదు. వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం కస్టమర్ ఇష్టమని ముందే చెప్పాలి. దాన్ని బిల్లులో కలిపేసి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళితే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు చెప్పింది. ఇవేవీ మీకు కొత్త సంగతులు కావు. మీ అకౌంటెంటుకి నాకంటే బాగా తెలుసు.

189 రూపాయలకి ఇంత గొడవా అనుకోవచ్చు. మాలాంటి ఇంట్లో అది మూడు రోజుల పాల ఖర్చు. అది అలా ఉంచండి. ఇంకోసారి వెళ్లినప్పుడు పక్క టేబుల్ దగ్గర ఇద్దరు ఇంజినీరింగ్ పిల్లలు పడిన బాధ చెబుతాను. మెనూలో 220 అని చూసి చెరో కాపుచినో చెప్పారు. 220 మీద సర్వీస్ ఛార్జీ, ఆ పైన జీఎస్టీ పడితే 254 రూపాయల 10 పైసలు. ఇద్దరికీ కలిపి 508. వాళ్ల దగ్గర ఐదువందల నోటు ఒకటే ఉంది. ఒకడు మొహం ఎర్రబడి ఫోన్లో ఎవరికో "అరేయ్, ఓ పది కొట్టరా" అని మెసేజ్ పెట్టుకుంటున్నాడు. ఇది తీసేయమని అడగవచ్చని వాళ్లకి తెలియదు. తెలిసినా ఆ ఏసీలో, ఆ మెత్తటి పాటల మధ్య నోరు పెగలదు. పెగలదనే కదా అది అక్కడ ఉంది.

ఇక ఆ డబ్బు పనివాళ్లకే పోతుందని మీ మేనేజర్లు అంటారు. నా శిష్యుణ్ణి బయటికొచ్చాక అడిగాను. "నెలాఖరున కలిపిస్తామంటారు టీచర్, ఎంత వస్తుందో మాకు తెలియదు" అన్నాడు. అతని చేతిలో నేను విడిగా వంద పెట్టి వచ్చాను. బిల్లులో ఆ 180 చూసి ఎంతమంది విడిగా ఇవ్వడం మానేసి ఉంటారో మీరే ఆలోచించండి. మా జేబుకి చిల్లు పడింది, ఆ పిల్లాడి జేబులోకి మాత్రం చేరలేదు.

2. గుడ్డు. ఇది రాయడానికే నాకు ఇబ్బందిగా ఉంది. మా అత్తయ్య గుడ్డు తినరు. అరటిపండు బ్రెడ్ కదా, అందులో ఏముంటుందిలే అని నేనే ఆవిడ కోసం చెప్పాను. తప్పు నాదీ ఉంది. మెనూలో ఏ గుర్తూ లేదు. రెండు ముక్కలు తిన్నాక అనుమానమొచ్చి అడిగితే, తెచ్చిన అమ్మాయి లోపలికెళ్లి కనుక్కుని వచ్చి, "ఎగ్ ఉంటుందండీ, కేకుల్లో ఉంటుంది కదా" అంది. అత్తయ్య ప్లేటు పక్కకి జరిపి, ఇంటికెళ్లే దాకా మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం ఆవిడ తలస్నానం చేసి, రాత్రి పస్తున్నారు. మనవడు సరదాగా తీసుకెళ్లిన ఆదివారం అలా ముగిసింది.

ప్యాకెట్లో అమ్మే తిండికైతే గుడ్డు ఉన్నా సరే గోధుమరంగు మాంసాహార గుర్తు వేయాలని ఆహార భద్రత నియమాలు చెబుతున్నాయి. వంద రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద ఉన్న గుర్తు, 220 రూపాయల బనానా బ్రెడ్ పక్కన మెనూలో వేయడానికి ఎంత సిరా కావాలి? వేరుశెనగ, జీడిపప్పు పడని పిల్లలున్న తల్లిదండ్రులైతే ఇంకా భయపడాలి. వాళ్లది ఆచారం సంగతి కాదు, ఆసుపత్రి సంగతి.

3. అరకు పేరు. వచ్చేటప్పుడు 650 రూపాయలు పెట్టి పావు కిలో గింజల ప్యాకెట్ కొన్నాను. దాని మీద 'అరకు' అని పెద్ద అక్షరాలు, కొండల బొమ్మ ఉన్నాయి. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఎప్పుడు ప్యాక్ చేశారో లేదు. ఎమ్మార్పీ లేదు. ఫిర్యాదు చేయాలంటే నంబరు లేదు. వేయించిన తేదీ అసలే లేదు. ప్యాకెట్లలో అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుల వివరాలు ఉండాలన్నది 2011 నాటి తూనికలు కొలతల నియమం. ఫోన్ చేసి అడిగితే, "అది బ్లెండ్ మేడమ్, కొంత చిక్కమగళూరు ఉంటుంది" అన్నారు. ఎంత అంటే చెప్పలేకపోయారు.

చిక్కమగళూరు కాఫీకి నేను వంక పెట్టను. దానికీ గొప్ప చరిత్ర ఉంది. కానీ ఆ రెండూ ఒకటి కావు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లాలన్న గుర్తింపు, వచ్చింది. అదే ఏడాది చిక్కమగళూరు అరబికాకీ విడిగా వచ్చింది. అరకు అన్న పేరు వెనక అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, చింతపల్లి, అనంతగిరి వైపు కొండల్లో చిన్న చిన్న తోటలున్న గిరిజన రైతులున్నారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి పాకిన మిరియాల తీగల మధ్య కాఫీ పండిస్తారు. చెట్టు మీద పళ్లన్నీ ఒకేసారి పండవు. ఎర్రగా మారినవే ఏరుకుంటూ, ఒకే చెట్టు దగ్గరికి చలికాలంలో మూడు నాలుగు సార్లు తిరగాలి. ఆరు కిలోల దాకా పళ్లు కోస్తే కిలో పచ్చి గింజ వస్తుంది. వేయిస్తే అందులోనూ ఆరో వంతు దాకా తరుగు పోతుంది. ఇంత కష్టం మీద నిలబడిన పేరుని, పాళ్లు చెప్పకుండా వేరే గింజ కలిపిన ప్యాకెట్ మీద వేసుకుంటే, కొనేవాడికి జరిగిన మోసం ఒకటి, ఆ రైతుకి జరిగింది ఇంకొకటి. రేపు ఆ ప్యాకెట్ రుచి నచ్చకపోతే నేను తిట్టుకునేది మీ కఫేని కాదు, అరకుని.

మా వీధి చివర ఒక కాఫీ పొడి కొట్టుంది. ఏసీ లేదు, కూర్చోవడానికి బల్ల కూడా లేదు. ప్లాంటేషన్ గింజ ఎంత, పీబెర్రీ గింజ ఎంత, చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) వేయాలా వద్దా అని అడిగి, మన కళ్లముందే తూచి, మర పట్టి, వేడి పొడిని కవర్లో పోసి, దాని మీద పెన్నుతో '80-20' అని, అంటే కాఫీ ఎనభై పాళ్లు, చికోరీ ఇరవై పాళ్లని, రాసిస్తాడు. పొడిలో చికోరీ కలిపితే ఎంత కలిపారో రాయాలని, అది 49 శాతం దాటకూడదని నియమం ఉంది. ఆయన నియమం చూసి రాస్తున్నాడో, వాళ్ల నాన్న రాసేవాడని రాస్తున్నాడో నాకు తెలియదు. రాస్తున్నాడు. రోస్టింగ్ గురించి గోడ నిండా బొమ్మలు వేయించిన మీరు ఆ పెన్ను పట్టుకోలేరా?

4. మెనూ. బల్ల మీద ఒక చదరపు గళ్ల బొమ్మ అంటించి, ఫోన్లో చూసుకోండి అంటున్నారు. తెరిస్తే అంతా ఇంగ్లీషే. మా అత్తయ్య తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతారు. మీ బల్ల దగ్గర మాత్రం ఏం తినాలో మనవణ్ణి అడగాల్సి వచ్చింది. అచ్చు వేసిన మెనూ ఒకటి, తెలుగులో, పన్నులతో కలిపిన ధరతో పెట్టండి. రెండో పాయింటులో చెప్పిన పొరపాటు సగం అక్కడే ఆగేది.

5. మంచినీళ్లు. కూర్చోగానే అడక్కుండా సీసా మూత తీసి పెట్టారు, బిల్లులో 90. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. రోహిణి కార్తెలో మజ్జిగ చలివేంద్రాలు పెట్టే ఊరు. ముందు మామూలు నీళ్ల జగ్గు పెట్టి, సీసా కావాలా అని అడగండి.

6. ఫోన్ నంబరు. బిల్లు ఇవ్వడానికి నంబరు కోసం పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే చెప్పింది. నేను ఇచ్చిన పాపానికి రోజుకో మెసేజ్ వస్తోంది.

ధరల గురించి కూడా నా అభిప్రాయం చెబుతాను, అపార్థం ఉండకూడదు. 18 గ్రాముల లెక్కన పావు కిలో ప్యాకెట్లో 13, 14 కప్పులొస్తాయి. మీరు అమ్మిన ధరకే చూసుకున్నా కప్పుకి పడే గింజలు 47 రూపాయలవి. ఆ కప్పుని 280కి అమ్మడం అన్యాయమని నేను అనను. అద్దె ఉంది, కరెంటు ఉంది, లక్షల ఖరీదు చేసే మిషన్లు ఉన్నాయి, నా శిష్యుడి జీతం ఉంది. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ మార్కెట్లో అరబికా ధర రికార్డుకి ఎక్కిన సంగతీ నాకు తెలుసు. మీకు గిట్టకపోతే 280ని 310 చేసుకోండి. బోర్డు మీద రాసి చేసుకోండి. తాగాలనుకున్నవాళ్లు తాగుతారు, వద్దనుకున్నవాళ్లు పక్క సందులో ఫిల్టర్ కాఫీ తాగి వెళతారు.

కాబట్టి మీ నుంచి కోరేది ఇది. బిల్లు మిషన్లోంచి సర్వీస్ ఛార్జీ వరుస తీసేయండి. టిప్పు ఇవ్వాలనుకునేవాళ్లకి ఒక డబ్బా పెట్టండి, అందులో పడింది ఆ రోజే పనివాళ్లకి పంచండి. ప్రతి వంటకం పక్కనా శాకాహారమో కాదో గుర్తు, గుడ్డు, పప్పుగింజల వివరం రాయండి. గింజల ప్యాకెట్ మీద చట్టం అడిగేవన్నీ రాసి, వాటితోపాటు వేయించిన తేదీ, ఏ ప్రాంతం గింజ ఎంత శాతమో కూడా రాయండి. తేదీ రాయమని ఏ నియమం బలవంతం చేయకపోయినా, తాజాదనం గురించి గోడల మీద అంత రాసుకునే మీకు అది బరువు కాకూడదు.

అధికారులకి ఒక విన్నపం. సంతలో కూరలమ్మే ఆవిడ తక్కెడకి ముద్ర ఉందో లేదో మీరు చూస్తారు, మంచిదే. ఒక్క ఆదివారం పదకొండు గంటలప్పుడు మామూలు కస్టమర్లుగా ఈ కఫేల్లో కూర్చుని, ఒక బిల్లూ ఒక ప్యాకెట్టూ తీసుకోండి. ఇంకేమీ చేయనక్కర్లేదు.

ఈ లేఖ తర్వాత నెల రోజులు చూస్తాం. మార్పు కనబడకపోతే, నేనూ, మా స్టాఫ్ రూములోని ఆ ముగ్గురూ బిల్లులు తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాం, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాం. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. ఇలాంటి బిల్లులు ఇంట్లో ఉన్నవాళ్లు పారేయకుండా దాచమని మిగతా పాఠకులకి మనవి. అచ్చు మసకబారిపోయే కాగితం అది, ఫోటో తీసి పెట్టుకోండి.

ఆ 650 రూపాయల ప్యాకెట్ నేనింకా విప్పలేదు. ఫ్రిజ్ మీద ఉంది. వాసన పోతోందని మా అబ్బాయి ఫోన్ చేసినప్పుడల్లా పోరుతున్నాడు. అది ఎప్పుడు వేయించారో, అందులో అరకు ఎంతో ఒక ముక్క రాసి పంపండి, విప్పుతాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్
సత్యనారాయణపురం, విజయవాడ